ఒకే దీవి, రెండు దేశాలు: హైతీకీ డొమినికన్ రిపబ్లిక్‌కీ ఇంత తేడా ఎక్కడ మొదలైంది?

ప్రశ్న వేసినవారు ఆకాశం నుంచి తీసిన సరిహద్దు ఫొటో ఒకటి పెట్టి ఇలా అడిగారు: "హిస్పానియోలా ఒకే దీవి. ఫొటోలో ఎడమ పక్క హైతీ, అన్నీ బోడి కొండలు. కుడి పక్క డొమినికన్ రిపబ్లిక్, పచ్చటి అడవి. రెండింటినీ యూరప్ వాళ్ళే ఏలారు. పైగా హైతీకి 40 ఏళ్లు ముందే స్వాతంత్ర్యం వచ్చింది. మరి హైతీ ఎందుకింత వెనకబడింది? వాళ్ళకి పాలించుకోవడం చేతకాకేనా?"

డొమినికన్ రిపబ్లిక్ వాయవ్య మూలలో, వరి పొలాలకు నీళ్లిచ్చే కాలువల పనుల్లో నేను తొమ్మిదేళ్లు ఉన్నాను. హైతీ సరిహద్దు మా క్యాంపుకి దగ్గరే. మట్టి పనికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హైతీవాళ్ళు, పై ఉద్యోగాల్లో డొమినికన్లు. ఈ "చేతకాకేనా" అన్న మాట అక్కడ కూడా చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు జవాబు చెప్పేస్తాను. రెండు వైపులా యూరప్ వాళ్ళే ఏలారు, నిజమే. కానీ ఫ్రాన్స్ పడమటి భాగాన్ని డబ్బు పిండే గానుగ చేసుకుంది, స్పెయిన్ తూర్పు భాగాన్ని దాదాపు గాలికొదిలేసింది. గానుగలో నలిగినవాళ్ళు తిరగబడి బయటపడ్డారు. బయటపడినందుకు వాళ్ళ దగ్గరే తరతరాలపాటు జరిమానా వసూలు చేశారు. గాలికొదిలేసిన వైపుకి ఆ జరిమానా అంతగా తగల్లేదు. నేను కింద రాసేదంతా దీని వివరమే.

1492 డిసెంబరులో కొలంబస్ ఈ దీవికి వచ్చాడు. క్రిస్మస్ ముందు రాత్రి అతని పెద్ద ఓడ శాంటా మారియా ఉత్తర తీరంలో, ఇప్పటి హైతీలోని కాప్ హైతియన్ దగ్గర, నేలకు తట్టుకుని చెడిపోయింది. అప్పటికి అక్కడ ఉంటున్నవాళ్ళు తైనో జనం. బంగారం కోసం చేయించిన వెట్టి, యూరప్ నుంచి వచ్చిన రోగాలు, ముఖ్యంగా 1518 చివర్లో మొదలైన మశూచి, రెండు తరాల్లోనే వాళ్ళని తుడిచిపెట్టినంత పని చేశాయి. హైతీ అన్న పేరు తైనోలదే, కొండల నేల అని అర్థం. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ళు 1804లో తమ దేశానికి ఏ ఆఫ్రికా పేరో పెట్టుకోకుండా దీన్ని ఎంచుకున్నారు. తమకంటే ముందు ఆ మట్టిలో కలిసిపోయినవాళ్ళని వాళ్ళు మర్చిపోలేదని నాకు అనిపిస్తుంది.

బంగారం అయిపోయింది. ఈలోగా మెక్సికో, పెరూ స్పెయిన్ చేతికొచ్చాయి. అక్కడి వెండి ముందు ఈ దీవి ఎవరికి కావాలి? తూర్పు భాగంలోని శాంటో డొమింగోలో, అంటే ఇప్పటి డొమినికన్ రాజధానిలో, అమెరికా ఖండాల్లోనే మొదటి కెథెడ్రల్ కట్టారు, కానీ ఊరు మాత్రం దారిలో ఓ మజిలీగా మిగిలిపోయింది. ఉత్తర, పడమటి తీరాల్లోని జనం బతకడానికి డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు ఓడలవాళ్ళతో దొంగచాటుగా తోళ్ల వ్యాపారం చేసుకునేవాళ్ళు. దాన్ని ఆపడానికి స్పెయిన్ రాజు వేసిన ఎత్తు ఏమిటంటే, ఆ ఊళ్ళనే లేకుండా చేయడం. 1605, 1606లలో గవర్నర్ ఒసోరియో సైనికులు ఆ ఊళ్ళని తగలబెట్టి, జనాన్ని శాంటో డొమింగో వైపు తరిమారు. మందల్ని పూర్తిగా తోలుకెళ్లలేకపోయారు. మిగిలిన పశువులు అడవిలో పడి పెరిగాయి.

ఖాళీ నేల, యజమాని లేని పశువులు. ఊరుకుంటారా? ఫ్రెంచి వేటగాళ్ళు దిగారు. మాంసాన్ని బుకాన్ అనే కర్రల మంచె మీద పొగబెట్టి ఎండబెట్టేవాళ్ళు కాబట్టి వాళ్ళకి బుకనీర్లు అన్న పేరు వచ్చింది. ఉత్తరాన ఉన్న చిన్న తోర్తుగా దీవి వాళ్ళ స్థావరం. వేటగాళ్ళ వెనకే రైతులు, వాళ్ళ వెనకే ఫ్రెంచి గవర్నర్లు వచ్చారు. 1697లో రైస్‌విక్ సంధితో పడమటి మూడో వంతు ఫ్రాన్స్‌ది అన్నట్టే అయిపోయింది. గీత గీసుకున్నది మాత్రం 1777లో, అరాన్హేజ్ ఒప్పందంలో. మీరు ఫొటోలో చూస్తున్న సరిహద్దుకి బీజం పడింది స్పెయిన్ తన ఊళ్ళని తనే కాల్చుకున్న ఆ రెండేళ్లలో.

ఇక్కణ్ణుంచి రెండు కథలు.

పడమటి వైపుకి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు సాన్‌డొమాంగ్. 1780ల నాటికి యూరప్‌లో వాడే చక్కెరలో దాదాపు 40 శాతం, కాఫీలో సగానికి పైగా ఈ చిన్న ముక్క నుంచే వెళ్ళేది. దాని విస్తీర్ణం సుమారు 27,750 చదరపు కిలోమీటర్లు, అంతే. ప్రపంచంలో అంత లాభం తెచ్చిపెట్టిన వలస మరొకటి లేదనేవాళ్ళు. ఆ లాభం ఎలా వచ్చిందో తెలియాలంటే చెరకు సంగతి తెలియాలి. మన చెరకు రైతుల ఇళ్లలో పుట్టినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. గడ ఒకసారి నరికాక ఒకటి రెండు రోజుల్లో గానుగాడాలి, లేకపోతే రసం పులిసిపోతుంది. అందుకని కోతల కాలంలో గానుగ రాత్రీ పగలూ తిరిగేది, పెనాల కింద మంట ఆరేది కాదు. నిద్ర లేక తూలిపోతూ గడలు అందించే మనిషి చెయ్యి రోలర్ల మధ్య ఇరుక్కుంటే, ఒళ్లంతా లోపలికి పోకుండా ఆ చేతిని నరికేయడానికి పక్కనే గొడ్డలి పెట్టుకునేవాళ్ళు. కరీబియన్ చక్కెర మిల్లుల్లో ఇది మామూలు ఏర్పాటు. నేను కూలీల పక్కన నిలబడి పని చేయించినవాణ్ణి. ఆ గొడ్డలి గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1789 నాటికి అక్కడ దాదాపు 5 లక్షల మంది బానిసలు, 30 వేలకు కాస్త అటూ ఇటూగా తెల్లవాళ్ళు, దాదాపు అంతే మంది స్వేచ్ఛ పొందిన మిశ్రమ జాతివాళ్ళు, నల్లవాళ్ళు ఉండేవాళ్ళు. ఓడ దిగిన ఆఫ్రికన్లలో సగం మంది దాకా కొద్ది ఏళ్లలోనే చచ్చిపోయేవాళ్ళు. తిండి పెట్టి పిల్లల్ని పెంచుకోనివ్వడం కంటే కొత్త మనుషుల్ని కొనుక్కోవడమే యజమానులకి చవక. 1780ల చివర్లో ఏటా 30 వేల మందికి పైగా కొత్తవాళ్ళని దింపేవాళ్ళు. అందుకే విప్లవం వచ్చేనాటికి అక్కడి బానిసల్లో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టినవాళ్ళే. వేర్వేరు భాషలవాళ్ళు కలిసి మాట్లాడుకోవడానికి ఫ్రెంచి మాటలతో కట్టుకున్న భాషే క్రెయోల్. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

అదే సమయంలో తూర్పు వైపు, దాదాపు రెట్టింపు నేల మీద, సుమారు లక్షా పాతిక వేల మందే ఉన్నారు. అక్కడ ప్రధానమైన పని పశువుల పెంపకం. ఆ పెద్ద మందల మకాముల్ని ఆతో అనేవాళ్ళు. ఫ్రెంచి వైపు చెరకు తోటలకి మాంసం, తోళ్లు, బండి కట్టే ఎడ్లు అమ్ముకుని బతికేవాళ్ళు. వలస ప్రభుత్వం జీతాలు ఇవ్వడానికి మెక్సికో నుంచి ఏటా వెండి నాణేలు రావాలి. ఆ ఓడ ఆలస్యమైతే శాంటో డొమింగోలో సిపాయికి జీతం లేదు. పదిమంది పశువుల కాపరులున్న చోట యజమానీ బానిసా ఒకే చెట్టు కింద, ఒకే అరటికాయ ఉడకబెట్టుకుని తినేవాళ్ళు. గుర్రమెక్కి కత్తి పట్టుకుని తిరిగే కాపరిని కొరడాతో కాపలా కాయడం కుదరదు. స్వేచ్ఛ కొనుక్కున్నవాళ్ళు, పొందినవాళ్ళు ఎక్కువ. జాతులు కలిసిపోయాయి. 18వ శతాబ్దం చివరికి అక్కడి జనంలో ఎక్కువమంది స్వేచ్ఛగా బతుకుతున్న మిశ్రమ జాతివాళ్ళు.

దీన్ని స్పెయిన్ దయాగుణం అనుకోకండి. డబ్బు లేకపోవడమే కారణం. అదే స్పెయిన్ 19వ శతాబ్దంలో క్యూబాలో చక్కెర పెంచింది. అప్పుడు ఫ్రెంచివాళ్ళకి తీసిపోకుండా మనుషుల్ని నలిపేసింది, అక్కడ బానిసత్వం 1886 దాకా పోలేదు. శాంటో డొమింగో జనం బతికిపోయింది స్పెయిన్‌కి వాళ్ళ మీద ఆసక్తి లేకపోవడం వల్ల.

1791 ఆగస్టులో పడమటి ఉత్తర మైదానంలో బానిసలు తిరగబడి తోటలకి నిప్పు పెట్టారు. ఆ తర్వాతి పన్నెండేళ్ల యుద్ధం ఇక్కడ పూర్తిగా రాయడం కుదరదు. తూసాన్ లూవెర్త్యూర్ అనే మాజీ బానిస స్పెయిన్, ఇంగ్లండ్ సైన్యాల్ని తిప్పికొట్టాడు. 1794లో ఫ్రాన్స్ బానిసత్వం రద్దు చేసింది. 1802లో నెపోలియన్ పాత రోజులు తిరిగి తేవడానికి సైన్యాన్ని పంపాడు. తూసాన్‌ని మోసంతో పట్టుకుని ఫ్రాన్స్‌లో మంచు కొండల మధ్య కోటలో పెడితే, 1803 ఏప్రిల్‌లో అక్కడే పోయాడు. అదే ఏడాది నవంబరు 18న వెర్తియేర్ దగ్గర, తూసాన్ సేనానుల్లో ఒకడైన దెసలీన్ సైన్యం ఫ్రెంచివాళ్ళని ఓడించింది. 1804 జనవరి 1న గొనాయివ్‌లో స్వాతంత్ర్యం ప్రకటించారు. బానిసలు తిరగబడి గెలిచి నిలబెట్టుకున్న దేశం చరిత్రలో ఇదొక్కటే.

గెలిచారు సరే, చేతిలో ఏముంది? తోటలు బూడిద, కాలువలు పూడిక, జనంలో భారీ నష్టం. ఫ్రెంచివాళ్ళు మళ్ళీ వస్తారన్న భయంతో ఉన్న డబ్బంతా సైన్యానికీ కోటలకీ. ఉత్తరాన కొండ కొమ్మున క్రిస్తోఫ్ అనే రాజు కట్టించిన సిటాడెల్ కోట చూస్తే ఆ భయం ఎంతటిదో అర్థమవుతుంది. చుట్టూ జమైకా, క్యూబా, అమెరికా దక్షిణ రాష్ట్రాలు, అన్నీ బానిసల మీద బతికేవే. తమ బానిసలకి ఈ గాలి సోకకూడదని వాళ్ళ టెన్షన్. అమెరికా ఈ దేశాన్ని గుర్తించడానికి 1862 దాకా ఆగింది.

ఇంకో సంగతి కూడా జరిగింది. స్వేచ్ఛ పొందినవాళ్ళు తోట పనికి తిరిగి వెళ్ళడానికి ఇష్టపడలేదు. ఎగుమతులు నిలబెట్టాలని హైతీని ఏలిన దెసలీన్, క్రిస్తోఫ్, తర్వాత బోయే సైన్యం చేత బలవంతపెట్టి చూశారు. జనం కొండల్లోకి వెళ్ళి, ఎకరమో రెండెకరాలో చూసుకుని కాఫీ, చిలగడదుంప, అరటి వేసుకున్నారు. దక్షిణ భాగాన్ని ఏలిన పెతియోన్ 1809 నుంచి సిపాయిలకి భూములు పంచాడు. విదేశీయులకి భూమి అమ్మకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పెద్ద తోటల్ని ముక్కలు చేయడమే హైతీని ముంచిందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. కొరడా కింద చెరకు నరికిన మనిషికి స్వేచ్ఛ అంటే తన గుడిసె ముందు తన అరటి చెట్టు. అది వాళ్ళు ప్రాణాలిచ్చి సంపాదించుకున్నది. నిటారు కొండల మీద చిన్న కమతాలు, ఏటా వానకి కొట్టుకుపోయే మట్టి. ఈ సమస్య నిజమే, కానీ మైదానాల్లో చక్కెర దొరతనం లేకపోతే వాళ్ళు కొండలెక్కేవాళ్ళే కాదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 1825లో పడింది. జులైలో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ దూత పోర్ట్ ఓ ప్రిన్స్‌కి వచ్చాడు. వెనకాల 14 యుద్ధ నౌకలు, వాటి మీద 500కి పైగా ఫిరంగులు. చేతిలో కాగితం: మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం, బదులుగా ఆస్తులు పోగొట్టుకున్న మా తోటల యజమానులకి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి, అయిదు వాయిదాల్లో. పైగా మా ఓడల మీద సుంకం సగమే వేయండి. ఆ "ఆస్తుల్లో" మనుషులూ ఉన్నారు. అంటే తమ శరీరాల వెల తామే కట్టాలి. అధ్యక్షుడు బోయే సంతకం పెట్టాడు.

మొదటి వాయిదా 3 కోట్లు. ఆ ఒక్క వాయిదాయే ప్రభుత్వం ఏడాది రాబడికి ఎన్నో రెట్లు. కట్టడానికి డబ్బు లేదు కాబట్టి ప్యారిస్‌లోని బ్యాంకర్ల దగ్గరే అప్పు తీసుకోవాల్సి వచ్చింది. 3 కోట్లు అప్పు రాసుకుని, ముందే కమీషన్ పట్టుకుని, 2 కోట్ల 40 లక్షలు చేతిలో పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకి తగ్గించారు. దాన్ని తీర్చడానికి కొత్త అప్పులు, ఆ అప్పులు తీర్చడానికి మళ్ళీ అప్పులు. ఈ గొలుసులో చివరి కడ్డీ తెగింది 1947లో. అంతకాలం కాఫీ రైతు బస్తా మీద కట్టిన పన్నులో పెద్ద వాటా సముద్రం దాటింది. బళ్ళు, రోడ్లు, ఆసుపత్రులు కట్టుకోవాల్సిన వందేళ్లు అలా పోయాయి. ప్రభుత్వం అంటే ఓడరేవు దగ్గర పన్ను పట్టే కచేరీ, దాన్ని కాపలా కాసే సైన్యం అన్నట్టు తయారైంది. ఆ కచేరీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే రాజు. హైతీలో అన్ని తిరుగుబాట్లు ఎందుకు జరిగాయని అడిగేవాళ్ళు ముందు ఇది చూడాలి.

ఇప్పుడు తూర్పుకి వద్దాం. మీ ప్రశ్నలో "40 ఏళ్లు ముందే స్వాతంత్ర్యం" అన్నారు కదా. డొమినికన్లు 1844 ఫిబ్రవరి 27న స్వాతంత్ర్యం తెచ్చుకున్నది ఎవరి నుంచో తెలుసా? స్పెయిన్ నుంచి కాదు, హైతీ నుంచి.

1821 డిసెంబరులో నూన్యెస్ దె కాసెరెస్ అనే ఆయన స్పెయిన్ నుంచి విడిపోతున్నామని ప్రకటించాడు. మూడు నెలలు కూడా కాకుండానే, 1822 ఫిబ్రవరిలో బోయే సైన్యంతో వచ్చి దీవి మొత్తాన్ని హైతీలో కలిపేశాడు. వచ్చీ రావడంతోనే తూర్పున బానిసత్వం రద్దు చేశాడు. అక్కడి బానిసలకి స్వేచ్ఛ తెచ్చింది హైతీ సైన్యమే, ఈ మాట డొమినికన్ ఇళ్లలో చాలా అరుదుగా వినిపిస్తుంది. కానీ అతనే చర్చి భూములు లాక్కున్నాడు, ఊరుమ్మడి భూముల పద్ధతిని చెరపబోయాడు, విశ్వవిద్యాలయం మూతపడింది, ఫ్రెంచిలో పాలన సాగింది. 1825 అప్పులో వాటా కట్టమని తూర్పువాళ్ళ మీదా పన్ను వేశాడు. ఫ్రాన్స్ దోచిన తోటలతో తమకేం సంబంధమని వాళ్ళు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. అలా ప్యారిస్ బ్యాంకర్ల అప్పు ఇరుగుపొరుగు మధ్య చిచ్చుగా మారింది. 1838లో దువార్తే, అతని స్నేహితులు పెట్టుకున్న రహస్య సంఘం ఆరేళ్ల తర్వాత శాంటో డొమింగోలో జెండా ఎగరేసింది. 1805లో దెసలీన్ సైన్యం తూర్పు మీద పడి వెనక్కి మళ్ళుతూ మోకా, సాంతియాగో ఊళ్లలో జనాన్ని చంపిన జ్ఞాపకం ఎలాగూ ఉంది.

మా క్యాంపులో ఈ రెండు జ్ఞాపకాలూ పక్కపక్కనే బతికేవి. జనవరి 1న పొద్దున్నే మా హైతీ మేస్త్రీ స్టీలు క్యాన్‌లో సూప్ పట్టుకొచ్చేవాడు. గుమ్మడికాయ, గొడ్డుమాంసం, క్యాబేజీ, బంగాళాదుంప, సేమ్యాలాంటివి వేసి కాచిన చిక్కటి పసుపు రంగు సూప్, పేరు జూమూ. నేను మాంసం తిననని తెలిసి నాకు కూరగాయలతో వేరే కాయించేవాడు. ఫ్రెంచి దొరల కాలంలో బానిసలు ఈ సూప్ వండేవాళ్ళే కానీ తాగనిచ్చేవాళ్ళు కాదని, అందుకే స్వాతంత్ర్యం వచ్చిన రోజున ప్రతి హైతీ ఇంట్లో ఇది కాయాల్సిందేనని చెప్పాడు. నా గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేవాడు. రెండు నెలలు తిరగకుండా ఫిబ్రవరి 27 వచ్చేది. అదే క్యాంపులో మా డొమినికన్ సర్వేయర్లు జీపులకి జెండాలు కట్టుకుని ఊళ్లోకి వెళ్ళేవాళ్ళు. ఆ రోజు మేస్త్రీ, అతని మనుషులు బయటికి వచ్చేవాళ్ళు కాదు, రేకుల షెడ్డులో డామినోలు ఆడుకునేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ ఆ నిశ్శబ్దం నాకు బాగా గుర్తుంది.

పడమట ఉన్నవాళ్ళకి స్వాతంత్ర్యం అంటే బానిసత్వం నుంచి బయటపడటం. తూర్పున ఉన్నవాళ్ళకి స్వాతంత్ర్యం అంటే హైతీ నుంచి విడిపోవడం. ఆ తర్వాత డొమినికన్ పెద్దలు తమ దేశాన్ని ఎప్పుడు వర్ణించుకున్నా "హైతీ కానిది" అన్న పద్ధతిలోనే వర్ణించుకున్నారు: వాళ్ళు నల్లవాళ్ళు మేం కాదు, వాళ్ళది వోడూ మాది క్యాథలిక్ మతం, వాళ్ళది క్రెయోల్ మాది స్పానిష్. ఆఫ్రికా రక్తం బాగా కలిసిన జనం గుర్తింపు కార్డుల్లో చాలాకాలం "ఇండియో" అని, అంటే అమెరికా ఆదివాసీ రంగు అని రాయించుకున్నారు. హైతీ భయంతోనే 1861లో అధ్యక్షుడు శాంతానా దేశాన్ని తిరిగి స్పెయిన్ చేతిలో పెట్టాడు. జనం తిరగబడి 1865లో స్పెయిన్‌ని పంపేశారు. ఆ పోరాటంలో వాళ్ళకి ఆశ్రయం, ఆయుధాలు ఇచ్చి సాయపడింది హైతీయే. ఈ ముక్క కూడా ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

డొమినికన్ వైపు చక్కెర నిజంగా మొదలైంది 1870లలో, క్యూబా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన తోటల యజమానులతో, తర్వాత అమెరికా పెట్టుబడితో. అప్పటికి బానిసత్వం లేదు. జనం తక్కువ, నేల ఎక్కువ. విదేశీయులకి భూమి అమ్మడానికి అడ్డు లేదు. రైలు, రేవు, మిల్లు వచ్చాయి. చెరకు నరకడానికి మాత్రం పడమటి నుంచి హైతీ కూలీలు వచ్చారు. బతేయ్ అనే లైన్ ఇళ్లలో వాళ్ళని పెట్టారు. సాన్‌డొమాంగ్ మైదానాల నుంచి పారిపోయినవాళ్ళ మనవలు మళ్ళీ చెరకు తోటకే వచ్చారు, ఈసారి పక్క దేశంలో.

అమెరికా రెండు దేశాల్నీ ఆక్రమించింది: హైతీని 1915 నుంచి 1934 దాకా, డొమినికన్ రిపబ్లిక్‌ని 1916 నుంచి 1924 దాకా. అంతకుముందే, 1914 డిసెంబరులో, అమెరికా మెరీన్లు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారం ఓడలో ఎక్కించి న్యూయార్క్ తీసుకెళ్లారు. హైతీలో రోడ్లు వేయడానికి రైతుల్ని వెట్టికి పట్టారు. డొమినికన్ వైపు వాళ్ళు తయారుచేసిన పోలీసు దళం నుంచి త్రుహీయో అనే నియంత పైకొచ్చాడు, 1930 నుంచి 1961 దాకా ఏలాడు. 1937 అక్టోబరులో అతని సైనికులు సరిహద్దు పొడవునా హైతీవాళ్ళని కత్తులతో నరికారు. చనిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు, ఎన్ని వేలన్నది ఇప్పటికీ తేలలేదు. అనుమానం వస్తే కొత్తిమీర లాంటి పార్స్‌లీ ఆకు కట్ట చూపించి పేరు చెప్పమనేవాళ్ళట. స్పానిష్‌లో పెరెహీల్. క్రెయోల్ నాలుకకి ఆ "ర" పలకదు. పలకకపోతే చావే. ఇందాక గుర్తుపెట్టుకోమన్న భాష సంగతి ఇక్కడ ప్రాణాల మీదకి వచ్చింది. మరో రూపంలో అది హైతీ బడిలోనూ ఉంది. పిల్లలందరికీ వచ్చింది క్రెయోల్, బడిలో పాఠం ఫ్రెంచిలో. క్రెయోల్‌కి ఫ్రెంచితో సమానంగా అధికార హోదా వచ్చింది 1987 రాజ్యాంగంతో.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, నాకూ వచ్చింది. 1960లో రెండు దేశాల తలసరి ఆదాయం దాదాపు ఒకే స్థాయిలో ఉండేదని ఆర్థికవేత్తల లెక్క. మరి అంతా వలస పాలన వల్లే అయితే, అసలు తేడా 1960 తర్వాత పెరగడమేమిటి? న్యాయమైన మాట. పడమట దువాలియేలు, తండ్రి తర్వాత కొడుకు, 1957 నుంచి 1986 దాకా దేశాన్ని పీల్చేశారు. చదువుకున్నవాళ్ళు వేలాదిగా వెళ్ళిపోయారు. తూర్పున బలగేర్ కూడా నియంతే, కానీ 1967లో కలప మిల్లులు మూయించాడు, అడవి నరికితే సైన్యాన్ని పంపాడు. తర్వాత వంట గ్యాస్ మీద సబ్సిడీ వచ్చింది. నేనున్న పల్లెలో గుడిసె ఇంట్లో కూడా గ్యాస్ సిలిండరే. సరిహద్దు నది దాటి హైతీలోకి వెళితే బొగ్గుల కుంపటి. మీ ఫొటోలో పచ్చదనానికి ఇదొక పెద్ద కారణం. వానమబ్బు ఈశాన్యం నుంచి వస్తూ ముందు డొమినికన్ కొండల మీదే కురుస్తుందన్నది ఇంకో కారణం. ఆ ఫొటో ఒక చోటిది, సరిహద్దు పొడవునా అలా ఉండదని కూడా చెప్పాలి.

వరి మనిషిగా ఇంకొకటి చెబుతాను. డొమినికన్ ప్రభుత్వం బయటి బియ్యం మీద సుంకం నిలబెట్టుకుంది, అందుకే మా కాలువల కింద రైతు నిలబడ్డాడు. హైతీ 1990లలో బయటి ఒత్తిడికి లొంగి బియ్యం సుంకాన్ని 3 శాతానికి దించింది. అమెరికా సబ్సిడీ బియ్యం ముంచెత్తి అర్తిబోనిత్ లోయ వరి రైతు కుదేలయ్యాడు. ఆ విధానం తప్పని అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ 2010లో బహిరంగంగా ఒప్పుకున్నాడు.

అయితే ఇవన్నీ జరిగే నాటికి ఇద్దరూ ఒకే గీత దగ్గర నిలబడి లేరు. 1789లోనే పడమట జనసాంద్రత తూర్పు కంటే ఏడెనిమిది రెట్లు. ఒకరి నేల రెండు వందల ఏళ్లుగా పిండి పిప్పి చేసినది, ఒకరిది పశువులు మేసిన బీడు. ఒకరి ఖజానా 1947 దాకా ఆ అప్పులకి తాకట్టులో ఉంది. అందుకని నియంత పోయాక డొమినికన్లకి నిలబడటానికి కాస్త గట్టి నేల ఉంది, హైతీవాళ్ళకి లేదు. ఆదాయాలు సమానంగా కనబడిన ఆ 1960లో కూడా.

"చేతకాకేనా" అన్నదానికి ఇక వేరే జవాబు అక్కర్లేదనుకుంటాను. ఫ్రాన్స్ తిరిగి చెల్లించాలా అని ఎవరైనా అడిగితే, చెల్లించాలి అంటాను. 2003లో అధ్యక్షుడు అరిస్తీద్ 2,168 కోట్ల డాలర్లకు పైగా లెక్క కట్టి అడిగాడు, మరుసటి ఏడాది పదవి పోయింది. 2025 ఏప్రిల్ 17న, ఆ అప్పు ఆజ్ఞ మీద పదో చార్లెస్ సంతకం పెట్టి సరిగ్గా 200 ఏళ్లు నిండిన రోజున, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ రెండు దేశాల చరిత్రకారులతో కమిషన్ వేస్తున్నామన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు.

దహబోన్ అనే సరిహద్దు పట్టణంలో సోమవారం, శుక్రవారం సంత. పొద్దున గేటు తీయగానే హైతీ ఆడవాళ్ళు నెత్తిన మూటలతో, కుర్రాళ్ళు తోపుడుబళ్ళతో వంతెన మీద పరుగు. అమ్మడానికి తెచ్చేది పేపే అనే పాత బట్టలు, చెప్పులు. కొనుక్కెళ్లేది గుడ్లు, బియ్యం, అరటికాయలు, ఐసు. కొందరు ధర "హైతీ డాలర్లలో" చెబుతారు. అలాంటి నోటు లేదు, నాణెం లేదు. హైతీ అసలు కరెన్సీ గుర్డు. ఒక హైతీ డాలర్ అంటే అయిదు గుర్డులు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా డాలర్‌కి అయిదు గుర్డులని కట్టిన రేటు ఎప్పుడో పోయినా, లెక్క మాత్రం నోట్లో ఉండిపోయింది. చెప్పిన ధరని మనసులో అయిదుతో హెచ్చవేసి, దాన్ని డొమినికన్ పెసోల్లోకి మార్చుకుని, అప్పుడు బేరం. నాకు ఆరు నెలలు పట్టింది అలవాటవడానికి.

ఆ వంతెన కింద నది పేరే మసాక్రె, ఊచకోత నది. ఆ పేరు 1937ది కాదు, 18వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు ఫ్రెంచి బుకనీర్లని చంపిన చోటు కాబట్టి. 2023లో హైతీ వైపు రైతులు ఆ నది నుంచి తమ పొలాలకి కాలువ తవ్వడం మళ్ళీ మొదలుపెడితే డొమినికన్ ప్రభుత్వం సెప్టెంబరులో సరిహద్దు మొత్తం మూసేసింది. డొమినికన్ వైపు ఆ నది నీళ్లు వాడుకునే కాలువలు అంతకుముందు నుంచే ఉన్నాయి, ఆ వ్యవస్థలో పనిచేసిన నాకు బాగా తెలుసు. నేను అప్పటికి ఇండియా వచ్చేశాను. ఫోన్‌లో వీడియోలు చూసేవాణ్ణి. యంత్రాలు తక్కువ, సిమెంటు చందాలతో కొన్నది, వందల మంది పారలు పట్టుకుని పాడుకుంటూ తవ్వుతున్నారు. కాలువ ఆగదు, అని ఆ పాట. ఆ వీడియోల్లో మా పాత మేస్త్రీ కనిపిస్తాడేమోనని ప్రతిసారీ ఆపి ఆపి వెతికేవాణ్ణి.